డిస్కు మాత్రం కొత్తది

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కించుకోవాలంటే మదర్‌బోర్డులో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ మెషీను అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసరైనా ఉండాలి. ఈ రెండు షరతుల దెబ్బకి ఏలూరు ఆర్.ఆర్.పేట స్టూడియోల వెనక గదుల్లో, కైకలూరులో చేపల చెరువుల పద్దులు రాసే బల్లల కింద, తాడేపల్లిగూడెంలో ఉద్యోగాలకు వెళ్లిపోయిన పిల్లల గదుల్లో నిక్షేపంగా పనిచేస్తున్న కంప్యూటర్లు పాతసామాను అయిపోయాయి. తూకానికి వేస్తే చేతికొచ్చేది ఒక పూట టిఫిన్ల డబ్బు.

అవే ఇళ్లలో ఇంకో సంగతి చూడండి. పెళ్లి వీడియో స్టూడియోవాళ్లిచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది, ఆ పెన్‌డ్రైవ్ బీరువాలో ఎక్కడుందో తెలీదు. పట్టాదారు పాస్‌బుక్కు స్కాను పెద్దబ్బాయి ఫోన్లో. నానమ్మ చివరి ఫొటోలు వాట్సాప్‌లో వచ్చినవి, అంటే అసలు సైజు పోగొట్టుకుని వచ్చినవి. గూగుల్ ఫొటోస్ 2021 జూన్ 1 నుంచి అపరిమిత ఉచిత నిల్వ తీసేసింది. మెయిలు, డ్రైవ్, ఫొటోలు అన్నీ కలిపి 15 జీబీ దాటితే నెలనెలా కట్టాలి. కట్టని ఇళ్లలో ఫోన్ నిండిపోయిందన్నప్పుడల్లా ఎవరో ఒకరు కూర్చుని కొన్ని చెరిపేస్తుంటారు. ఏవి చెరిపారో ఎవరికీ గుర్తుండదు.

బల్ల కింది ఆ కంప్యూటరును లినక్స్ ఫైల్ సర్వర్‌గా మార్చి, ఇంటిల్లిపాది ఫైళ్లనూ అందులోకి తెచ్చుకోవచ్చు. తీరిగ్గా చేస్తే రెండు ఆదివారాల పని. స్క్రూడ్రైవరు పట్టడం వస్తే చాలు, ప్రోగ్రామింగ్ అక్కర్లేదు.

పాతవాటితో కట్టడమంటే అన్నీ పాతవే బిగించడం అనుకుంటారు. నేను వేరే లెక్క చెబుతాను. పాడైతే బజార్లో మళ్లీ దొరికే భాగం ఎంత పాతదైనా ఫరవాలేదు. పాడైతే మళ్లీ దొరకనివి ఏ భాగంలో ఉంటాయో అది కొత్తదై ఉండాలి. మదర్‌బోర్డు పోయిందనుకోండి. డిస్కులు ఊడదీసి ఇంకో పాత కంప్యూటరుకి తగిలిస్తే లినక్స్ చాలాసార్లు మారాం చేయకుండా లేస్తుంది. లేవకపోయినా అందులోని ఫైళ్లు మరే లినక్స్ మెషీన్లోనైనా తెరుచుకుంటాయి. ప్రాసెసరు, ర్యామ్, క్యాబినెట్, ఫ్యాను అన్నీ ఈ కోవలోవే. డిస్కు పోతే ఇంకో డిస్కు వస్తుంది గానీ నానమ్మ ఫొటో రాదు. అందుకే డబ్బు పెట్టదలచుకుంటే అక్కడ పెట్టండి. మెషీనుకి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌ను కూడా నేను కొత్తవాటి జాబితాలోనే వేస్తాను. చవకరకం ఎస్‌ఎంపీఎస్ ఒంటరిగా చావదు, బోర్డునో డిస్కునో వెంట తీసుకుపోగలదు. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన, చేతిలోకి తీసుకుంటే బరువే తెలియని డబ్బా మీద 450 వాట్లని రాసి ఉంటే ఆ అంకెను నమ్మకండి.

చాలామంది దీన్ని సరిగ్గా తలకిందులు చేస్తారు. రంగు లైట్ల ఫ్యాన్లున్న కొత్త క్యాబినెట్ కొంటారు, డిస్కు దగ్గరికి వచ్చేసరికి సీసీటీవీ రికార్డరులోంచి తీసిన పాతది బిగించి సంబరపడతారు.

మెషీను ఎంపికకు ఎక్కువసేపు ఆలోచించక్కర్లేదు. అది 64-బిట్‌దై ఉండాలి, ఎందుకంటే 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 నుంచి 32-బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేశారు. ర్యామ్ 4 జీబీ చాలు. కోర్ 2 డ్యూయో కాలపు మెషీను కూడా ఫైళ్లు బాగానే అందిస్తుంది, కానీ కరెంటు తాగుతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డుతో ఉన్న అలాంటి మెషీను ఏ పనీ లేకుండా కూర్చున్నా 70 వాట్ల దాకా లాగుతుంది. రాత్రీపగలూ నడిస్తే నెలకు 50 యూనిట్లు. 2013 తరవాతి ఐ3, ఐ5 మెషీను కార్డు తీసేస్తే 30 వాట్ల దగ్గర ఆగుతుంది, నెలకు 22 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయల చొప్పున చూసినా ఏడాదికి రెండువేల తేడా. పైగా మన బిల్లు స్లాబుల మీద నడుస్తుంది కాబట్టి సర్వర్ కాల్చే యూనిట్లు మీరు ఇప్పటికే ఉన్న పై స్లాబులోనే వచ్చి పడతాయి, అడుగు స్లాబులో కాదు. ఉచితంగా వచ్చిన పాత మెషీనుకి కరెంటు ఆఫీసులో వాయిదాలు కట్టడం తెలివైన పని కాదు. రెండు మెషీన్లు చేతిలో ఉంటే కొత్త తరానిదే ఉంచుకోండి.

పాత ల్యాప్‌టాప్ ఉంటే ఇంకా మేలు. పది పదిహేను వాట్లతో నడుస్తుంది, బ్యాటరీ బతికుంటే యూపీఎస్ కూడా అదే. మూత వేస్తే నిద్రపోకుండా ఒక సెట్టింగు మార్చాలి. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేస్తుంటే మాత్రం ఆ బ్యాటరీని ఆ పూటే తీసేయండి. రోజంతా ఛార్జింగులో ఉండే మెషీన్లో అది నిప్పు.

ఇక అందరూ వదిలేసేదీ, మన ఊళ్లలో అన్నిటికంటే ఎక్కువ ఏడిపించేదీ, మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ. సీఆర్ 2032 అంటారు, వాచీ రిపేరు కొట్లో కూడా దొరుకుతుంది. పదేళ్ల మెషీన్లో అది ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు బయోస్ తన సెట్టింగులు, తేదీ అన్నీ మరిచిపోయి, ఎఫ్1 నొక్కమని తెర మీద రాసి కూర్చుంటుంది. సర్వర్‌కి తెర ఉండదు, కీబోర్డు ఉండదు. మీరేమో సర్వర్ పాడైందనుకుంటారు. యాభై రూపాయల లోపు ఖర్చుతో పోయే జబ్బు. బ్యాటరీ మార్చాక బయోస్‌లోకి వెళ్లి, కరెంటు వచ్చినప్పుడు మెషీను దానంతటదే లేచే సెట్టింగు పెట్టండి, కీబోర్డు లేకపోయినా ఆగకూడదని చెప్పే సెట్టింగు కూడా. తరవాత ప్లగ్గు పీకి మళ్లీ పెట్టి చూడండి. లేవాలి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక యూపీఎస్ అనీ, నార్మల్ లేదా ఎకో అనీ ఉండే మీట కోసం వెతకండి. యూపీఎస్ వైపు ఉంటే కరెంటు పోయిన క్షణాన్ని కంప్యూటర్ గుర్తుపట్టదు. రెండోవైపు ఉంటే ఫ్యాను గుర్తుపట్టదు గానీ కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. చెరువుల మీద ఏరేటర్లు నడిచే ఊళ్లలో వోల్టేజి ఎగుడుదిగుళ్లు కొత్తేమీ కాదు కాబట్టి ఎర్తింగ్ ఒకసారి ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. కొల్లేటి గాలిలో తేమకు ర్యామ్ కాళ్లు నల్లబడతాయి. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దితే మెరుస్తాయి, చనిపోయిందనుకున్న మెషీను లేస్తుంది. క్యాబినెట్ పక్క మూత తీసి వదిలేసే అలవాటు ఉంటే మానండి. షార్టు కావడానికి బల్లి ఒక్కటి చాలు.

డిస్కు సంగతికి వద్దాం. మీ దగ్గరున్న పాత డిస్కులు పారేయమని కాదు. వాటిని పరీక్షకు కూర్చోబెట్టండి. ప్రతి డిస్కూ తన ఆరోగ్యం లెక్క తానే రాసుకుంటుంది, దాన్ని స్మార్ట్ అంటారు. స్మార్ట్‌సీటీఎల్ అనే పనిముట్టు ఆ పట్టిక చూపిస్తుంది. పట్టిక పొడుగ్గా ఉంటుంది గానీ నాలుగు వరుసలు చూస్తే చాలు. 5వ నంబరు, డిస్కు చెడిన గదులు మూసేసి వేరే గదులకు మారిన లెక్క. 197, చదవలేక అనుమానంగా పక్కన పెట్టినవి. ఈ రెండూ సున్నా ఉండాలి. 199 పెరుగుతుంటే తప్పు చాలాసార్లు డిస్కుది కాదు, సాటా కేబుల్‌ది, ముందు అది మార్చండి. 9వ నంబరు నడిచిన గంటలు: 43,800 దగ్గరుంటే అయిదేళ్లు ఆగకుండా తిరిగిందని. క్లౌడ్ నిల్వ వ్యాపారం చేసే బ్యాక్‌బ్లేజ్ కంపెనీ 2013 నుంచి తన డిస్కుల చావుపుట్టుకల లెక్కలు బయటపెడుతోంది. వాళ్లు కనిపెట్టి చూసే అయిదు వరుసల్లో 5, 197 రెండూ ఉన్నాయి, సున్నా దాటితే ఆ డిస్కు మీద కన్నేస్తారు. ఏ సూచనా ఇవ్వకుండా పోయే డిస్కులూ ఉంటాయి కాబట్టి ఈ పట్టిక పాసైందంటే నిర్భయంగా ఉండమని కాదు. పాసైన పాత డిస్కు రెండో నకలుకో మూడో నకలుకో పనికొస్తుంది. అసలు ఉండాల్సింది మాత్రం కొత్తదాంట్లో. కొనేటప్పుడు సీఎంఆర్ రకమా కాదా అని కొట్లో అడగండి. ఎస్‌ఎంఆర్ రకం చవకే, కానీ పెద్ద మొత్తంలో రాసేటప్పుడు చతికిలబడుతుంది.

సాఫ్ట్‌వేర్‌కి ఓపెన్‌మీడియావాల్ట్ తీసుకోండి. డెబియన్ మీద కట్టినది, ఉచితం, ఒకసారి ఎక్కించాక పనంతా పక్క కంప్యూటరు బ్రౌజర్లోంచే. ఎక్కించేటప్పుడు డేటా డిస్కుల కేబుళ్లు పీకేసి ఉంచండి, లేకపోతే ఇన్‌స్టాలర్ అడిగినప్పుడు తప్పు డిస్కు ఎంచుకునే ప్రమాదం ఉంది. సిస్టమ్‌కి ఒక డిస్కు మొత్తం కావాలి. పాత ల్యాప్‌టాప్‌లోంచి తీసిన 120 జీబీ ఎస్‌ఎస్‌డీ దీనికి సరిపోతుంది, పోయినా బాధ లేదు. మొదటిసారి లాగిన్ కాగానే అందరికీ తెలిసిన ఆ డీఫాల్ట్ పాస్‌వర్డు మార్చండి. లినక్స్ అంటే జంకేవాళ్లు మీ ఊరి ఇంజినీరింగ్ కాలేజీ పిల్లల్ని అడగండి. స్వేచ్ఛ సంస్థ డెబియన్ పునాది మీద తెలుగు లినక్స్ తయారుచేసి ఏళ్లయింది, కాలేజీల్లో ఆ అలవాటున్న కుర్రాళ్లు దొరుకుతారు. 2015లో మొదలైన నిట్ మన గూడెంలోనే, అంటే తాడేపల్లిగూడెంలోనే ఉంది. ఒక బిర్యానీకి పని జరుగుతుంది.

విండోస్ కంప్యూటర్లకు, ఫోన్లకు, టీవీకి మీ సర్వర్ ఒక మామూలు ఫోల్డర్‌లా కనబడేట్టు చేసేది సాంబా. దీని పుట్టుక కూడా మన పనిలాంటిదే. 1991 చివర్లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే పరిశోధక విద్యార్థి, తన డాస్ పీసీకి యూనిక్స్ సర్వర్లోని ఫైళ్లు అందాలని, రెండు మెషీన్ల మధ్య తీగలో పోతున్న సంకేతాలు విని ఆ భాష నేర్చుకుని రాశాడు. ఆ భాష పేరైన ఎస్‌ఎంబీలోని మూడక్షరాలు అదే వరసలో వచ్చే మాట నిఘంటువులో వెతికితే సాంబా దొరికిందట.

షేర్లకు, అంటే అందరికీ పంచే ఫోల్డర్లకు, మనుషుల పేర్లూ పనుల పేర్లూ పెట్టండి: అమ్మ, పొలం, చెరువు, చదువులు, పెళ్లిళ్లు. తెలుగులో పెట్టినా సాంబాకి ఇబ్బంది లేదు. ఇక్కడ మనకు మాత్రమే ఎదురయ్యే చిక్కు ఒకటుంది. లినక్స్‌లో సాధారణంగా వాడే ఎక్స్‌టీ4 డిస్కు ఏర్పాటులో ఒక ఫైలు పేరు 255 బైట్లు మించకూడదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు. గుణింతం వేరే గుర్తు, వత్తు అంటే రెండు గుర్తులు. ఏలూరు అని రాస్తే 15 బైట్లు. లెక్కన 85 గుర్తులకే పేరు నిండిపోతుంది. చిరంజీవి ఫలానావారి ద్వితీయ పుత్రిక వివాహ మహోత్సవం అంటూ శుభలేఖ మొత్తం ఫైలు పేరుగా పెట్టే స్టూడియోలకు విండోస్‌లో సరిపోయిన పేరు ఇక్కడ కాపీ కాదు. పేరు కురచ చేయండి, ముందు తేదీ వేయండి. డీటీపీ సెంటర్ల పాత పేజ్‌మేకర్ ఫైళ్లు దాచేటప్పుడు వాటికి వాడిన అనూ ఫాంట్లు కూడా అదే ఫోల్డర్లో పెట్టండి. ఫాంటు లేకపోతే ఆ తెలుగు చదవడానికి రాదు.

వేగం గురించి ఒక్క మాట. రూటర్‌కి 100 ఎంబీపీఎస్ పోర్టులే ఉంటే 64 జీబీ కెమెరా కార్డు ఎక్కడానికి గంటన్నర పైన పడుతుంది, గిగాబిట్ అయితే పది నిమిషాల చిల్లర. ప్రాసెసరు మార్చేముందు రూటరు, కేబుల్ చూడండి.

ఇక రెయిడ్. రెండు కొత్త డిస్కులు కొని ఒకదానికొకటి అద్దంలా పెట్టేసి, బ్యాకప్ అయిపోయిందనుకోవడం సర్వర్లు కట్టేవాళ్లలో బాగా పాకిన భ్రమ. అద్దం ముందు మీసం గొరిగితే అద్దంలోనూ మీసం పోతుంది. మనవడు ఫోల్డర్ చెరిపితే రెండు డిస్కుల్లోనూ అదే క్షణాన పోతుంది. రెయిడ్ ఉన్నది డిస్కు చెడినా పని ఆగకుండా ఉండటానికి, అది దుకాణానికి కావాలి. ఇంటికి ఒక పూట సర్వర్ ఆగితే కొంప మునగదు. ఆ రెండో డిస్కును వేరుగా ఉంచి, రోజూ రాత్రి ఆర్‌స్నాప్‌షాట్‌తో నకలు తీయించండి. మారిన ఫైళ్లకే కొత్త చోటు తీసుకుంటుంది కాబట్టి, నిన్నటిది, పోయిన వారానిది, పోయిన నెలది అన్నీ విడివిడిగా ఉంటాయి. చెరిపిన సంగతి పది రోజుల తరవాత తెలిసినా ఫైలు దొరుకుతుంది.

ఆ నకలు డిస్కును మాత్రం ఎవరికీ షేర్ చేయకండి. 2017 మేలో ప్రపంచమంతా తిరిగిన వనాక్రై అనే రాన్సమ్‌వేర్ ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నిటికీ తగిలింది. విండోస్‌లో పాత ఎస్‌ఎంబీ 1 పద్ధతిలోని లోపం దాని దారి. మీ సర్వర్ లినక్స్‌దే అయినా, ఇంట్లో ఏదో ఒక విండోస్ పీసీకి రాన్సమ్‌వేర్ సోకితే ఆ పీసీకి రాసే హక్కున్న ప్రతి ఫోల్డరుకూ తాళం వేసేస్తుంది. దానికి కనబడనిదే మిగులుతుంది. సాంబా 2019లో వచ్చిన 4.11 నుంచి ఎస్‌ఎంబీ 1ని మామూలుగా మూసే ఉంచుతోంది. పాత టీవీకి సినిమాలు కనబడటం లేదని దాన్ని తెరవకండి. అలాగే బయటి ఊరినుంచి ఫైళ్లు చూసుకోవడానికి రూటర్లో పోర్టు తెరవమని చెప్పే వీడియోలను వదిలేసి, వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ దారి చూసుకోండి.

సర్వర్ ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు జవాబు మన నేల మీద ఆధారపడింది. కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లం. బుడమేరు, తమ్మిలేరు అందులోకే దిగుతాయి, సముద్రంలోకి పోయేందుకు ఉప్పుటేరు తప్ప దారి లేదు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీళ్లు తరవాత కొల్లేట్లోకే చేరాయి. ఇలాంటిచోట కంప్యూటర్ను నేల మీద పెట్టే అలవాటు పనికిరాదు. కిటికీ మట్టానికి పైన, గాలి ఆడే అల్మారాలో పెట్టండి. అటక వద్దు, మే నెలలో శ్లాబు వేడికి డిస్కులు ఉడుకుతాయి.

ఇంటర్నెట్ ఉంది కదా, క్లౌడ్ ఉంది కదా అంటారు. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ తీగలు కరెంటు స్తంభాల మీదుగానే ఊళ్లలోకి వచ్చాయి. తుపానుకి స్తంభం ఒరిగితే కరెంటూ నెట్టూ ఒకేసారి పోతాయి. సరిగ్గా అప్పుడే నష్టపరిహారానికి పాస్‌బుక్కు, ఆధార్, బ్యాంకు కాగితాలు కావాల్సి వస్తాయి. ఇన్వర్టర్ మీద ఇంటి సర్వర్, వైఫై రూటరు నడుస్తుంటే నెట్ లేకపోయినా ఇంట్లో ఫోనుకి ఆ ఫైళ్లు అందుతాయి.

అయినా నీళ్లు ఇంట్లోకొస్తే ఇంట్లో ఉన్న రెండు డిస్కులూ ఒకటే. మూడో నకలు ఊరు దాటాలి. పరీక్ష పాసైన ఆ పాత డిస్కును యూఎస్‌బీ డబ్బాలో వేసి, తాళం పెట్టి, అంటే ఎన్‌క్రిప్ట్ చేసి, చుట్టాలింట్లో ఉంచండి. ఏలూరు వాళ్లయితే కైకలూరు అక్కగారింట్లో కాదు, అక్కడిదీ కొల్లేటి నీళ్లే. గూడెం బావగారింట్లో పెట్టండి. ఎర్రకాలువ పొంగు భయం ఆ వైపూ ఉంది, కానీ ఆ నీళ్లు వేరు. సంక్రాంతికీ, దసరాకీ రైలెక్కేటప్పుడు ఒక డిస్కు పట్టుకెళ్లి అక్కడున్నది వెనక్కి తెచ్చుకుంటే మూడో నకలు తొమ్మిది పది నెలలకంటే పాతబడదు.

నెలకోసారి ఒక ఫైలును నకల్లోంచి వెనక్కి తీసి తెరిచి చూడండి. మీరు కాదు, ఇంట్లో ఇంకొకరి చేత తీయించండి. సర్వర్ గురించి తెలిసినవాడు ఒక్కడే ఉన్న ఇంట్లో అతను ఆసుపత్రిలో ఉన్నరోజు ఇన్సూరెన్స్ కాగితం ఎవరికీ దొరకదు. సర్వర్ చిరునామా, లాగిన్ పేరు, గూడెంలో ఉన్న డిస్కు తాళం మాట ఎక్కడ రాసి ఉందో, ఇవి ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇంటి దస్తావేజులతో పాటు పెట్టండి.

పరీక్ష తప్పిన డిస్కుల సంగతి మిగిలింది. ఫార్మాట్ చేశాం కదా అని పాత సామాన్లవాళ్లకు ఇచ్చేయకండి. క్విక్ ఫార్మాట్ పేర్లు చెరుపుతుంది, ఫైళ్లను కాదు. పలికే హార్డ్‌డిస్కుని లినక్స్‌లోని ష్రెడ్‌తో పైనుంచి కిందికి ఒకసారి తిరగరాయండి, పెద్ద డిస్కుకి రాత్రంతా పడుతుంది. పలకని డిస్కుకి డ్రిల్లుతో పళ్లెం దాకా రెండు మూడు చోట్ల కన్నాలు వేయండి. ల్యాప్‌టాప్ డిస్కుల్లో పళ్లెం తరచు గాజుది, పొడిపొడిగా పగులుతుంది కాబట్టి కళ్లజోడు పెట్టుకుని, గోనెసంచిలో చుట్టి వేయండి.